పేరుకొక గింజ

మేవ్లిద కాఫీ గింజల్ని మూకుట్లో వేయించదు.
ఆమెకొక ఇనప డబ్బా ఉంది, గుండ్రటిది, మసిబారినది,
దానికి చెయ్యంత కాడ.
మా వ్రాత్నిక్ గుట్ట మీద దాన్ని షిష్ అంటారు.
నిప్పుల మీద పెట్టి తిప్పుతూనే ఉండాలి.
ఆగావా, మాడుతుంది.
తొందరపడ్డావా, పైన నలుపు, లోపల పచ్చి.
"మెన్సూద్, కళ్ళు మూసుకో" అంటుంది,
"ఇది ముక్కుతో చేసే పని."

ముందు తడిసిన గడ్డి వాసన.
తర్వాత ఎవరింట్లోనో రొట్టె అడుగంటిన వాసన.
ఆ తర్వాత చిటపట,
మెట్ల మీద ఎవరో అక్రోటు పెంకులు తొక్కుతూ ఎక్కినట్టు.
అదిగో, అప్పుడు దించాలి.

కిటికీలో నిలబడి చెక్క పళ్ళెంలో చెరుగుతుంది.
పొట్టు ఎగిరి
కింది అంతస్తు స్తోయాంక ఆరేసిన దుప్పట్ల మీద వాలుతుంది.
ఇద్దరికీ నలభయ్యేళ్ళుగా అదే తగువు.
తగువు తీర్చుకోడానికి ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి
రెండు ఫిల్జానులు సిద్ధం.

వేయించిన రోజే మరలో పొయ్యదు.
గింజకి రెండు రాత్రుల నిద్ర కావాలట.
గాజు సీసా, మూతి చుట్టూ నారగుడ్డ,
అలమర అడుగున చీకటి.
ఫ్రిజ్ ఛాయలకి పోనివ్వదు.
"ఉల్లిపాయ పక్కన పడుకున్నది
ఉల్లిపాయ కలలే కంటుంది."

నీళ్ళు మరిగాక ఒక గుక్కెడు తీసి పక్కన పెడుతుంది.
రాగి జెజ్వాలో పొడి, పొడి మీద నీళ్ళు,
మళ్ళీ మంట.
పొంగు అంచు దాకా వచ్చి దూకబోయే క్షణాన
ఆ దాచిన గుక్కెడు పోసి దాని కోపం దించుతుంది.
చక్కెర బిళ్ళ మూల తడుపుకుని కొరకాలి.
కలిపితే ఒప్పుకోదు.

మా దగ్గర కాఫీలు మూడు.
రమ్మనేది ఒకటి, మాట్లాడుకోమనేది ఒకటి,
ఇక లేవమనేది ఒకటి.
మూడోది మేవ్లిద ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.
అడిగితే రెండోదే మళ్ళీ పోస్తుంది.

ఆ చలికాలాల్లో నాకు తొమ్మిదేళ్ళు, పదేళ్ళు, పదకొండు.
కిటికీలకి అద్దాల బదులు ప్లాస్టిక్ పట్టాలు.
పొయ్యిలోకి ముందు చెప్పుల బీరువా వెళ్ళింది,
తర్వాత నేల చెక్కలు,
తర్వాత ఫోన్ల డైరెక్టరీ,
ఊరు విడిచినవాళ్ళ పేజీలు ముందుగా.

సీసాలో మిగిలినవి నూట పదకొండు పచ్చి గింజలు.
లెక్కపెట్టింది నేనే, రెండుసార్లు.
రెండోసారి నూట పది.

సాయంగా వచ్చిన బార్లీ ఒక గుప్పెడు,
దాంట్లో ఒక్క కాఫీ గింజ, ఆదివారానికొకటి.
"కాఫీ అని పిలుస్తున్నాం కదా,
పేరుకైనా ఉండొద్దూ?" అనేది.
పైన కొండ మీద తుపాకులు మోగుతుంటే
స్తోయాంక గోడకి ఆనుకుని, గుటకేసి,
"ఇవాళ చిక్కగా కుదిరిందే" అనేది
పెళ్ళివారింట్లో కూర్చున్నట్టు.

నూట పదకొండో ఆదివారం
సీసా బోర్లించి అడుగు తట్టింది మేవ్లిద.
నేను కోటు లోపలి జేబులోంచి తీసి ఇచ్చాను,
రెండేళ్ళుగా వేళ్ళతో రుద్ది రుద్ది
నునుపెక్కిన గింజ.

తిట్టలేదు. మెచ్చుకోలేదు.
షిష్ నా చేతిలో పెట్టి
"తిప్పు" అంది.

అప్పటినించీ తిప్పుతున్నాను.
వారమంతా ట్రాము నడుపుతాను,
ఆదివారం దీన్ని.

నిన్న ఇత్తడి మర విప్పి తుడుస్తుంటే
పళ్ళ మధ్య ఇరుక్కుని ఒక బార్లీ గింజ.
సగం నలిగింది. కొత్తది.
కిందటి వారమూ ఒకటి దొరికింది, పాతదనుకున్నాను.

ఇప్పుడు మూల కొట్లోనే కిలోల లెక్కన కాఫీ.
బార్లీ ఎవరు కొంటున్నారు?

చూపించాను.
"గింజలన్నాక కలుస్తాయి" అంది మేవ్లిద,
అటు తిరిగి, జెజ్వా కడుగుతూ.

కిందనించి స్తోయాంక కేక,
తెల్ల దుప్పటి మీద మళ్ళీ పొట్టు పడిందని.
మెట్ల మీద ఆవిడ కర్ర చప్పుడు.
నేను మూడో ఫిల్జాను తీశాను.